ఆఖరి రోజు జవాబు

నేద ముందున్న కాఫీ చల్లారిపోయింది. తాగాలనీ అనిపించలేదు, పారబోయాలనీ అనిపించలేదు.

సముద్రం మీంచి జుగో గాలి వీస్తోంది. ఆ గాలి వీచిన రోజు స్ప్లిట్ ఊరంతా తల దిమ్మెక్కి తిరుగుతుంది.

"ఏంటక్కా, జుగో పట్టిందా?" అన్నాడు యాకోవ్. రోమన్ సైనికుడి వేషానికి వారం క్రితమే చేరాడు. ఇనప టోపీ చంకలో పెట్టుకుని ఐస్‌క్రీం తింటున్నాడు.

"పట్టింది."

"గొంతు జాగ్రత్త. నువ్వు అరవకపోతే జనం అరవరు."

నేద ఉద్యోగం అదే. గద్దె వదిలేసిన రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కట్టించిన కోటలో రోజూ పన్నెండింటికి ఆ చక్రవర్తి వేషంలో టోమా మెట్ల మీదకొస్తాడు. టూరిస్టుల్లో టూరిస్టులా నిలబడి "తిరిగి రా!" అని మొదటి కేక ఆమె వెయ్యాలి. జనం అందుకుంటారు. రానని అతను జవాబిస్తాడు.

ఇవాళ సీజన్లో ఆఖరి ఆట. ఈ ఒక్కరోజూ చక్రవర్తి తన ఇష్టమొచ్చిన జవాబు చెప్పొచ్చు.

"పోయినేడు ఏమన్నాడు?"

"'వస్తున్నా, చేపల పులుసు పెట్టు' అన్నాడు. జనం ఒకటే నవ్వు."

"ఈసారీ వస్తాననే అంటాడు. పందెం!"

"అంటే బావుణ్ణు," అంది నేద.

గంట కొట్టారు. ఊదారంగు వస్త్రంలో టోమా వచ్చాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. "ఈయన కోసమే ఓడెక్కి వచ్చాను," అంటున్నాడొక ముసలాయన.

"ఒక్కడి వల్ల కాదని సామ్రాజ్యాన్ని నలుగురికి పంచాను. పన్నులు సరిచేశాను. ధరలు కట్టడి చేశాను. ఇరవై ఏళ్ళు ఏలాను. నన్నెవరూ దింపలేదు. నేనే దిగిపోయాను," అన్నాడు టోమా మెట్ల మీంచి.

"తిరిగి రా!" అరిచింది నేద. జనం అందుకున్నారు. ఆగారు. ఆమె ఆగలేదు. మళ్ళీ అరిచింది. మూడోసారి ఆమె గొంతొక్కటే వినిపించింది.

టోమా ఆమెకేసి చూశాడు. బుట్టలోంచి క్యాబేజీ తీసి పైకెత్తాడు.

"నా చేత్తో పెంచిన ఈ క్యాబేజీలు చూస్తే, నన్ను రమ్మని అడగరు."

రోజూ చెప్పేదే. ఒక్క మాటా మారలేదు.

చప్పట్లు మోగాయి. నేద చేతులు కూడా కొడుతున్నాయి, అలవాటు కొద్దీ.

"పందెం ఓడిపోయాను," అన్నాడు యాకోవ్. "అయినా మూడుసార్లేంటక్కా! నిజంగానే ఏడిపించేశావు."

జనం పలచబడ్డాక టోమా కిరీటం తీసి చేత్తో పట్టుకుని వాళ్ళ దగ్గరికొచ్చి, "రెండింటికి కోర్టు, నేదా, విడాకుల కాగితం మీద మనిద్దరి సంతకాలూ ఉండాలట," అన్నాడు.