పచ్చ గొడుగు

"పచ్చ అంటే ఏ పచ్చండీ?" అన్నాడు పెయింటర్, షేడ్ కార్డు బల్ల మీద పరుస్తూ. "పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

"పసుపుపచ్చ" అంది అక్క.

"ఆకుపచ్చ" అన్నాడు తమ్ముడు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. పెయింటర్ నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానుకున్నాడు.

మిగతా గదుల సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. హాలుకు లేత బూడిద రంగు, పిల్లల గదికి నీలం, వంటింటికి మరక పడినా తుడిస్తే పోయే రకం. ఇల్లు తమ్ముడిది కాబట్టి వాటిలో అక్క వేలు పెట్టలేదు. చిక్కంతా చివరి గది దగ్గరే వచ్చింది. అది అమ్మ గది. ఆ ఒక్క గది రంగు కోసమే అక్క సెలవు పెట్టి, మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది.

అమ్మ తన జన్మలో పిల్లల్ని ఇది కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. అడిగింది ఒక్కటే. "ఈ తెల్లగోడలు చూడడం నావల్ల కాదు. నా గదికి కాస్త పచ్చరంగు వేయించండి." అక్కకు ఫోన్‌లో చెప్పింది, తమ్ముడికి ఎదురుగా చెప్పింది. ఇవాళా రేపూ అంటూ ఇద్దరూ నాన్చారు. ఇప్పుడు ఆ మాట చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు.

"అమ్మ పచ్చ అంటే పసుపేరా. నాకు తెలీదా? వానొస్తే చాలు, 'నా పచ్చ గొడుగేదే' అని ఇల్లంతా వెతికేది. దాని కిందే నన్ను బడికి తీసుకెళ్లేది. నిఖార్సయిన పసుపు రంగు గొడుగు. అంతా నా మీదికే వంచి, తను సగం తడిసేది."

"గొడుగు నాకూ గుర్తుంది. నన్నూ దాని కిందే తీసుకెళ్లింది. ఆకుపచ్చ. కళ్లు మూసుకుని చెప్తాను."

"కళ్లు మూసుకునే చెప్తున్నావు మరి."

పెయింటర్ గొంతు సవరించుకున్నాడు. "మీ ఇద్దరికీ ఎంత తేడా అమ్మా?"

"తొమ్మిదేళ్లు."

"అయితే రెండు గొడుగులేమో" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. వేసుకుంటే ఇద్దరూ నెగ్గినట్టవుతుంది. ఇద్దరికీ కావలసింది అది కాదు.

అక్క ఊరికే రాలేదు, సాక్ష్యంతో వచ్చింది. సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. బడి గేటు ముందు అమ్మ, పక్కన రెండు జడల పిల్ల, ఇద్దరి మీదా గొడుగు.

"ఇదిగో, చూడు!"

తమ్ముడు చూశాడు. పెయింటర్ కూడా వంగి చూశాడు. అది నలుపు తెలుపు ఫోటో.

ఫోటోలో అమ్మ నవ్వుతోంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైనా అను, అమ్మ మనసు తెలిసింది నాకే."

"తెలిస్తే ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి పోయేదానివి కాదు. రోజూ పక్కన ఉన్నది నేను."

"పక్కన ఉన్నావు సరే. ఎప్పుడైనా పక్కన కూర్చున్నావా?"

తమ్ముడి మొహం మాడిపోయింది. పెయింటర్ వెంటనే మధ్యలో దూరాడు. "పోనీ, రెండు గోడలకి అదీ, రెండు గోడలకి ఇదీ వేద్దామా సార్? ఇప్పుడు అదే ఫ్యాషన్."

"మా అమ్మ గది అనుకున్నావా, జెండా అనుకున్నావా?" అన్నాడు తమ్ముడు.

పెయింటర్ నొచ్చుకోలేదు. ఇలాంటి ఇళ్లు ఎన్నో చూశాడు. గొంతు తగ్గించి, "పెద్దావిడ కోరిక కదమ్మా, తప్పు రంగు వేస్తే నాకూ మనసొప్పదు. ఒక్కసారి లోపలికెళ్లి గోడలు చూసొస్తాను" అని లేచాడు.

"ముందు రంగు తేలనీ బాబూ" అంది అక్క. ఆవిడ వచ్చి గంటయింది. ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఈ గంటలో అక్కాతమ్ముళ్లలో ఎవరూ అటువైపు వెళ్లలేదు.

"నీ పసుపు వేస్తే చచ్చేదాకా నీ మాటే నెగ్గిందంటావు" అన్నాడు తమ్ముడు.

"నీ ఆకుపచ్చ వేశావో, మళ్లీ ఈ గడప తొక్కను."

తమ్ముడు షేడ్ కార్డు ఠపీమని మూసేశాడు. "సరే. నీదీ వద్దు, నాదీ వద్దు. తెలుపే వేసేద్దాం."

అక్క ముక్కు తుడుచుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "అదే మంచిది" అంది.

గంట నుంచి ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అదే. ఇద్దరి మనసులూ తేలికపడ్డాయి. తమ్ముడు లేచి కాఫీ పెట్టడానికి వెళ్లాడు. "నాకు చక్కెర తగ్గించరా" అంది అక్క, ఫోటోను జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంటూ.

పెయింటర్ తన పుస్తకంలో 'చివరి గది, తెలుపు' అని రాసుకున్నాడు.

"సామాను ఇవతల పెట్టించాలి సార్."

"మంచం ఒక్కటేగా, నువ్వే చూసుకో" అన్నాడు తమ్ముడు వంటింట్లోంచి.

పెయింటర్ కొలతల టేపు పట్టుకుని ఆ గది తలుపు తోసేసరికి, గోడవారన మంచం మీద ఉన్న అమ్మ తల ఇటు తిప్పి, "పచ్చ అన్నది నేను కదా నాయనా, ఏ పచ్చో నన్నెవరూ అడగరేం?" అంది.