గుడ్లగూబ గుర్తు

"ఒక్కటి తీసుకోండి బాబూ," అన్నాడు ముసలాయన, చేతిలోని పసుపు కాగితాల కట్టలోంచి ఒకటి ముందుకు చాపి.

కళ్ళజోళ్ళ కొట్టాయన గబుక్కున చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

"మాకు పిల్లల్లేరండీ. ట్యూషన్లు అక్కర్లేదు."

"ట్యూషన్ కాదు బాబూ."

"అయితే తలనూనె అయ్యుంటుంది. ఈ నెత్తి చూసి కూడా ఎలా ఇవ్వబుద్ధయిందండీ మీకు?"

ముసలాయన పకపకా నవ్వి పక్కవాళ్ళ వైపు తిరిగాడు. కొట్టు ఎదురుగా బస్టాపులో రోజూ ఇదే వరస.

అలాగని కొట్టాయనకి కాగితాలంటే గిట్టదని కాదు. దెయ్యాల కథలు మాత్రమే అచ్చువేసే చిన్న ప్రచురణ సంస్థ ఒకటుంది. దాని గుర్తు గుడ్లగూబ. ఆ సంస్థ ప్రచారానికని ఊరికే ఇచ్చే జాబితాలు, పోస్టర్లు, పేజీల మధ్య పెట్టుకునే అట్టముక్కలు ఈయనకి పంచప్రాణాలు. ఒక అట్టముక్క మీద 'వెనక్కి తిరగకండి' అని ఉంటుంది. అది చూసిన దగ్గర్నుంచి ఆయన భార్య వంటింట్లో లైటు ఆర్పడం మానేసింది.

"నిజం దెయ్యాలకైనా ఇంత చోటు అక్కర్లేదేమో," అనేది ఆవిడ, బీరువా తెరిచినప్పుడల్లా.

"ఇంకొక్కటి దొరికితే అయిపోయినట్టే."

ఆ ఒక్కటీ ఒక కరపత్రం. పోస్టులో పంపరు, షాపుల్లో పెట్టరు, వీధుల్లో చేత్తో పంచుతారట. దానికోసం ఆయన గాలించని పాతకాగితాల కొట్టు లేదు.

ఇంకో కోరిక కూడా ఉంది. ఆ ప్రచురణకర్తని ఒక్కసారి చూడాలి. ఆయన సభలకి రాడు, ఫొటో వేయడు. కొట్టాయన ఎన్ని ఉత్తరాలు రాసినా, జవాబుగా గుడ్లగూబ ముద్ర వేసిన కార్డు ఒకటి వచ్చేది, అంతే.

"ఎదురుపడితే చాలు, రెండు చేతులూ పట్టేసుకుంటాను."

"మనిషైతేగా మీకు కనబడ్డానికి," అనేది భార్య.

ఒకరోజు వాన దంచికొట్టింది. ముసలాయన తడుస్తూ కొట్లోకొచ్చాడు. కళ్ళజోడు కాడ ఊడిపోయింది.

"కూర్చోండి. స్టూలు కాస్త ఊగుతుంది, జాగ్రత్త."

కొట్టాయన జోడు దీపం కింద పెట్టి చూస్తుంటే, ముసలాయన వంగి, పసుపు కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి స్టూలు కోడు కింద దోపాడు. స్టూలు కుదురుకుంది.

"పోనీలెండి. ఇన్నాళ్ళకి మీ దగ్గర ఒకటి తీసుకున్నాను," అని నవ్వాడు కొట్టాయన.

"అవును బాబూ. నాకూ బరువు తగ్గింది."

"కొత్త కాడ వేయాలి. రేపు రండి."

మర్నాడు ముసలాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బస్టాపు దాటేటప్పుడు చేతులు జేబుల్లో దాచుకునే పని తప్పిందన్న మాటే గానీ, కొట్టాయనకి ఏదో వెలితిగా ఉండేది. పొద్దున్నే కొట్టు తెరవగానే ఆ జోడు తుడిచి పెట్టేవాడు.

చివరికి ఒకావిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మా నాన్నగారి కళ్ళజోడు మీ దగ్గరుందటండీ. బస్టాపులో కాగితాలు పంచేవారు."

"ఎలా ఉన్నారమ్మా?"

"పోయారండీ. జ్వరంలో కూడా జోడు తెచ్చావా అనే అడిగారు."

కొట్టాయనకి ఆ నవ్వు మళ్ళీ వినబడదనుకుంటే దిగులేసింది. జోడు మరోసారి తుడిచి పెట్టెలో పెట్టి అందించబోతూ ఆగిపోయాడు. ఆవిడ భుజాన గుడ్డసంచీ. దాని మీద గుడ్లగూబ.

"ఈ సంచీ... నా దగ్గర లేదే ఇది. ఎక్కడిదమ్మా?"

"ఇంట్లో బోలెడున్నాయండీ."

"అయితే ఆ ప్రచురణకర్త మీకు తెలుసా? ఒక్కసారి చూపించగలరా? ఎన్నాళ్ళనుంచో..."

ఆవిడ ఆయన చేతిలోని జోడు వైపు చూసింది. లేవబోతే స్టూలు జరిగి, కింద నలిగిన పసుపు కాగితం బయటపడింది. తీసి, మడతలు విప్పి, కౌంటరు మీద పరిచింది. మధ్యలో గుడ్లగూబ.

"మా నాన్న అంతేనండీ," అంది ఆవిడ, కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ. "ఎవరైనా తీసుకోనంటే, వాళ్ళకి తెలియకుండా ఇలా ఇచ్చి వచ్చేసేవారు."