పెన్సిల్ పేరు

"ఈ సముద్రపు పురుగులన్నీ నేనే ఏరానన్నావు. మరి సీసాలో చీటీ మీద నీ పేరేదయ్యా, కార్విన్?" అమెరికాలోని ఆరెగాన్ తీరంలో మా వేసవి శిక్షణ ముగింపు ప్రదర్శనలో, పరిశోధనాలయం డైరెక్టరమ్మ అడిగింది.

మా శిక్షకుడు కార్విన్ నన్ను కొరకొరా చూశాడు. "నిన్న నీకేం చెప్పాను?"

"నేను పెన్సిల్‌తో రాసిన నా పేరు మీదే, మీ పేరు పెన్నుతో లావుగా రాయమన్నారు. రాశాను."

వేసవంతా మోకాలిలోతు బురదలో దిగి ఆ పురుగుల్ని ఏరింది నేను.

"పురుగుల్ని నిల్వ ఉంచే స్పిరిట్‌లో సిరా కరిగిపోతుందని తెలీదూ?" పళ్లు నూరాడు.

"ఎందుకు తెలీదు? పెన్సిలే వాడాలని మొదటిరోజు మీరే నేర్పారుగా."

డైరెక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని, చీటీ మీద మిగిలిన సన్నటి అక్షరాలు చదివింది. "టాన్సీ హోల్కమ్. ఎవరమ్మా?"

"నేనే," అన్నాను, హాలంతా వినబడేలా.