ఉన్న రంగే

1997 జనవరి, రెండో ఆదివారం. ఢిల్లీ కంటోన్మెంట్‌లో, జవాన్ల క్వార్టర్లలో, ఉదయం ఏడు గంటలకు ఒక కుక్కపిల్ల చనిపోయింది.

దానికి గజ్జి. ముందురోజు సాయంత్రం హవల్దార్ పెద్దిరాజు దాని ఒంటికి కాలిన ఇంజనాయిలు రాశాడు. పెద్దిరాజు డ్రైవరు. లారీల్లోంచి తీసిన ఆ నూనెని యూనిట్‌లో అందరూ కుక్కల గజ్జికి రాస్తారు. డబ్బాలో పోసి ఇచ్చింది తోటి డ్రైవరు చిట్టిబాబు.

"బండికి పనికిరానిది కుక్కకి పనికొస్తది గురూ. రాసి చూడు, గుర్రంలా తయారవుద్ది" అన్నాడు.

కుక్కపిల్ల రాత్రంతా నూనె నాకింది. వాంతులు చేసుకుంది. తెల్లారాక కాళ్ళు చాపేసింది.

పెద్దిరాజు భార్య కమలాకుమారి ఇంట్లో లేదు. ముందురోజే, ఊళ్ళోనే మునిర్కాలో ఉండే తన చెల్లెలి గదికి వెళ్ళింది. అతనే బలవంతాన పంపాడు. కూతురు పోయాక ఆమె క్వార్టర్లు దాటి వెళ్ళడం అదే మొదలు. మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది.

కూతురు చాందినికి తొమ్మిదేళ్ళు. నవంబరు ఆఖరున, గేటు ముందు రోడ్డు దాటుతూ బస్సు కింద పడింది. అప్పుడు పెద్దిరాజు తాత్కాలిక డ్యూటీ మీద అస్సాంలో ఉన్నాడు. కబురు అంది, రైలు దొరికి, అతను వచ్చేసరికి అంతా అయిపోయింది. అంతకు వారం ముందే చాందిని ఫోన్లో చెప్పింది.

"నాన్నా, కుక్కపిల్లని తెచ్చా. అమ్మ ఉంచుకోమంది. నువ్వొచ్చాక పేరు పెట్టు."

గుమ్మంలో ట్రంకు పెట్టె దించి అతను అడిగిన మొదటి మాట, "కుక్కపిల్ల ఏదీ?"

"ఉంది. లారీల షెడ్డు వెనకాల ఉంటుంది. రేపు తెస్తాను" అంది కమల.

మర్నాడు గోనెసంచిలో చుట్టి తెచ్చింది. మెడకి చాందిని స్కూలు రిబ్బను కట్టి ఉంది. ఒంటి మీద బొచ్చు లేదు. తోక చివర, చెవుల మొదట్లో మాత్రం గోధుమరంగు వెంట్రుకలు మిగిలాయి.

"గజ్జి పట్టింది" అంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలన్నీ కుక్కపిల్ల గురించే. పాలు తాగిందా. ఎండలో పడుకోబెట్టారా. ఇంకేది అడిగినా కమల జవాబు చెప్పేది కాదు. ఇప్పుడు ఇదీ పోయిందని తెలిస్తే ఆమె ఏమవుతుందో పెద్దిరాజు ఊహించలేకపోయాడు.

వెనక గోడ పక్కన గొయ్యి తీసి పూడ్చాడు. రిబ్బను విప్పి సబ్బుతో ఉతికాడు. యూనిట్ వంటశాల వెనక్కి వెళ్ళాడు. అక్కడ బూడిద కుప్పలో ఒక కుక్క ఈనింది. పిల్లలన్నిటికీ గజ్జే. బొచ్చు ఊడి అన్నీ ఒకేలా ఉన్నాయి. చనిపోయిన దాని సైజుకి సరిపోయేదాన్ని తెచ్చి రిబ్బను కట్టాడు.

కమల వచ్చింది. చెప్పులు విప్పకుండానే కుక్కపిల్ల దగ్గర కూర్చుంది. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"నూనె రాస్తానన్నారు?"

"రాసి కడిగేశాను."

"ఇంక రాయకండి. డాక్టరుకి చూపిద్దాం."

పశువుల డాక్టరు కుక్కపిల్ల చెవి అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు. దాని వెనక కాలు దానంతటదే గాల్లో గోకడం మొదలుపెట్టింది.

"దేఖా? ఖుజ్లీకి, గజ్జికి ఇదే గుర్తు" అన్నాడు హిందీలో.

ముందుకాలి కీలు దగ్గర చర్మాన్ని బ్లేడుతో గీకి, గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో చూశాడు. పురుగు కనిపించింది. మందు సీసా ఇచ్చాడు. నీళ్ళలో కలిపి ఒళ్ళంతా తడపాలి. తుడవకూడదు, ఎండలో ఆరనివ్వాలి. పడుకున్న గోనె తగలబెట్టాలి. ఇంట్లో వాళ్ళకి దురద వస్తే వాళ్ళూ చూపించుకోవాలి.

"కాలా తేల్, ఆ ఇంజను నల్ల నూనె, రాయలేదు కదా? మీ ఫౌజీలందరికీ అదే అలవాటు. నాకి చస్తాయి."

పెద్దిరాజు తల అడ్డంగా ఊపాడు. కమల గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

"బొచ్చు మళ్ళీ వస్తుందా సాబ్?" అడిగాడు పెద్దిరాజు.

"రెండు నెలల్లో."

"ఏ రంగు?"

డాక్టరు నవ్వాడు. "ఉన్న రంగే భయ్యా. నేనిచ్చింది మందు. పెయింట్ కాదు."

ఆదివారాలు పెద్దిరాజు కుక్కపిల్లని మందునీళ్ళలో తడిపాడు. కమల నీళ్ళు కాచి ఇచ్చింది. ఫిబ్రవరిలో పొక్కులు రాలాయి. గోక్కోవడం తగ్గింది. నెలాఖరుకి రిబ్బను కింద మొదటి బొచ్చు కనిపించింది.

నల్లగా ఉంది.

పెద్దిరాజు రిబ్బను వెడల్పుగా కట్టాడు. అది కొన్నాళ్ళే పనికొచ్చింది. వీపు నల్లబడింది. తోక నల్లబడింది. కమల రోజూ దానికి పాలు పోసింది, పాత దువ్వెనతో దువ్వింది. రంగు గురించి ఒక్క మాట అనలేదు.

హోళీ నాడు క్వార్టర్ల పిల్లలు బకెట్లతో తిరుగుతున్నారు. కమల కుక్కపిల్లని లోపలికి తెచ్చి తలుపు వేసింది.

"కమలా, ఇది చాందిని కుక్క కాదు" అన్నాడు పెద్దిరాజు. "ఆ గోధుమరంగుదాన్ని నేనే చంపేశాను. ఆ నూనె రాసి."

"తెలుసండీ. మునిర్కా నుంచి వచ్చిన రోజే తెలిసింది."

"మరి అడగలేదే?"

కమల ఊడిన రిబ్బను తీసి, కుక్కపిల్ల మెడకి మళ్ళీ ముడి వేసింది.

"చాందిని తెచ్చింది తెల్లదండీ, దాన్నెత్తుకునే ఆవేళ రోడ్డు దాటింది."