కసరత్తు వద్దన్న మనిషి

"మేడమ్, చక్రాల కుర్చీ పెద్దాయన మళ్లీ మొదలెట్టాడు," అన్నాడు గుమ్మం దగ్గరి గార్డు.

ఫిజియోథెరపిస్టు ఉసూరుమంది. పొద్దుటి నుంచి పద్దెనిమిది మంది నడుములూ మెడలూ మోకాళ్లూ చూసింది. ఇంకా అంతమంది బయట బెంచీల మీద ఉన్నారు. ఆమె నడుము ఎలా ఉందని అడిగే నాథుడు మాత్రం లేడు.

ఆ పెద్దాయన పేషెంటు కాదు. చేతిలో చీటీ ఉండదు. అయినా వారానికి మూడు రోజులు, కసరత్తుల గది తెరిచే వేళకు వరండాలో హాజరు. ఊసుపోక వస్తున్నాడని అందరూ అనుకున్నారు.

వచ్చినవాడు ఊరుకుంటాడా? కాళ్లలో బలం లేదని ఎవరైనా అంటే చాలు, కుర్చీ తోసుకుంటూ పక్కన చేరి ఆరాలు తీస్తాడు.

ఆ రోజు పోస్ట్‌మ్యాన్ దొరికాడు. నలభై దాటిన మనిషి. నడుము స్కాన్‌లో డిస్కు కాస్త జరిగిందని రాసి, కసరత్తులకు పంపారు. మూడు వారాలుగా ఆమె అతని చేత గదిలోని కసరత్తు సైకిలు తొక్కిస్తోంది. నడక పోతే ఉద్యోగం పోయినట్టేనని అతనూ పంటి బిగువున తొక్కుతున్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి పెద్దాయన గొంతు తగ్గించి అడుగుతున్నాడు.

"నడిస్తే కాళ్లు బరువెక్కి, కూర్చుంటే కాస్త తేలికపడుతున్నాయా?"

"అవునండీ."

"ఒంటేలుకి వెళ్తే ఆగి ఆగి వస్తోందా?"

పోస్ట్‌మ్యాన్ సిగ్గుపడుతూ తలూపాడు. ఆ సంగతి అతను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

"అయితే సైకిలు తొక్కకు బాబూ. నడుముకి కాదు, పైన వీపుకి స్కాన్ తీయమని అడుగు."

ఆమెకు ఒళ్లు మండింది.

"మీరు డాక్టరా?"

"కాదమ్మా."

"మరి నా పేషెంట్లని ఎందుకండీ బెదరగొడతారు? నేను నిలబెట్టాలని చూస్తుంటే మీరు కూలదోస్తున్నారు."

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"తొక్కాక ఇతని కాళ్లు ఎలా ఉంటున్నాయో ఒక్కసారి చూడమ్మా. అంతే."

"చీటీ లేనివాళ్లని ఇక లోపలికి రానివ్వకు," అంది ఆమె గార్డుతో.

పెద్దాయన కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయాడు.

పోస్ట్‌మ్యాన్ ఆ రోజూ తొక్కాడు, మర్నాడూ తొక్కాడు. నాలుగో రోజు సైకిలు దిగబోయి అక్కడే కూలబడ్డాడు.

"కాళ్లున్నట్టే తెలీడం లేదు మేడమ్," అన్నాడు.

ఆమె స్ట్రెచర్ తనే తోసుకుంటూ నరాల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"వీపు పైభాగానికి స్కాన్ తీయించండి సార్," అంది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. అదృష్టవశాత్తు ఆయన అడగలేదు.

సాయంత్రం డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టి చూపించాడు.

"వెన్నుపాము పొరలో ఒక ధమని నేరుగా సిరలో కలిసిపోయింది. చాలా అరుదు. నెత్తురు వెనక్కి తన్ని వెన్నుపాము వాచిపోతోంది. కసరత్తు చేస్తే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నడుము స్కాన్‌లో ఇది కనపడదు, అందుకే డిస్కు అనుకుని సరిపెట్టేస్తాం. ఇంకొన్నాళ్లు తొక్కించి ఉంటే ఈ కాళ్లు మళ్లీ వచ్చేవి కావు. మీకెలా తట్టింది?"

"నాకు తట్టలేదు సార్," అంది ఆమె.

ఆపరేషన్ చేసి ఆ కలిసిన చోటును మూసేశారు. రెండు నెలలకు పోస్ట్‌మ్యాన్ చేతికర్రతో నడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. రాగానే పెద్దాయన కోసం బెంచీలన్నీ వెతికాడు.

"ఆయనకి ఒక్క దణ్ణం పెట్టుకోవాలి మేడమ్. ఎక్కడున్నారు?"

ఆమె గార్డు వైపు చూసింది.

"పోయిన నెల పోయాడు మేడమ్. కూర్చుని కూర్చుని పుండ్లు పడ్డాయంట, జ్వరం తగ్గలేదంట. వాళ్లావిడ వచ్చి చెప్పింది."

"నాకు చెప్పలేదేం?"

"రానివ్వొద్దన్నారుగా, మీకెందుకులే అనుకున్నా. ఆఖర్లో కూడా ఆ పోస్టాయన నడుస్తున్నాడా అని అడిగాడంట."

పోస్ట్‌మ్యాన్ బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆమెకు తను గెంటించిన మనిషికి క్షమించమని చెప్పే వీలు కూడా లేకపోయింది. కనీసం ఆ ఇల్లాలికైనా చెప్పుకోవాలి.

"ఇల్లెక్కడో తెలుసా?"

"తెలీదు మేడమ్. ఎప్పుడో ఇక్కడి పేషెంటేనంట. పాత కాగితాల్లో ఉండొచ్చు."

మధ్యాహ్నం అన్నం మానేసి, గార్డు చెప్పిన పేరు పట్టుకుని ఆమె పాత కేసు కాగితాల కట్టలు విప్పింది. తుమ్ముతూ, దులుపుతూ, తొమ్మిదేళ్ల వెనక్కి వెళ్లింది. ఆ రోజుల్లో ఆమె ఉద్యోగానికి కొత్త. రోజుకు అరవై మందిని చూసేది, ఒక్క ముఖమూ గుర్తుండేది కాదు.

కాగితం దొరికింది. అడ్రసు పైనే ఉంది. రాసుకుని కట్ట కట్టేయబోతుంటే చూపు కిందికి జారింది.

'కాళ్లలో నీరసం, సాయం లేకుండా నడిచి వచ్చాడు' అని మొదటి వరుసలోనూ, 'తొక్కితే కాళ్లు పడిపోతున్నాయని సాకులు చెబుతున్నాడు, కసరత్తు రెట్టింపు చేయించాను' అని చివరి వరుసలోనూ ఉంది. రెండూ ఆమె చేతిరాతే.