సవరం పెట్టనన్న మనిషి

జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది. లేనమ్మ పార్లరుకి పరుగెడుతుంది.

నలభై అయిదేళ్ల ఆ రిసెప్షనిస్టు అలాగే పరుగెత్తుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇంటర్వ్యూ. పెద్ద హోటల్లో ఒకే ఒక్క ఉద్యోగం. పోటీకి వచ్చేవాళ్లంతా పాతికేళ్ల పిల్లలు. తన నడినెత్తి చూస్తేనేమో లైటు కింద తళతళలాడుతోంది.

"ఎక్స్‌టెన్షన్లు పెట్టు. జుట్టు ఒత్తుగా కనిపించాలి, అంతే," అంది కుర్చీలో కూలబడుతూ.

మన అమ్మమ్మలు సవరం అన్నదాన్నే ఇప్పుడు అలా పిలవాలి మరి!

కొత్తగా పనిలో చేరినావిడ సవరం పాయలు బల్లమీద పరిచింది. దువ్వెనతో పాపిడి తీసింది. చెవి వెనక ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ నల్లమచ్చ ఎప్పట్నుంచమ్మా?"

"పుట్టుమచ్చలే. కానీయ్, టైమవుతోంది."

"అంచులు పాకుతున్నాయి. దీనిమీద క్లిప్పు పెట్టకూడదు. ముందు డాక్టరుకి చూపించండి."

రిసెప్షనిస్టుకి ఒళ్లు మండింది. "నువ్వేమన్నా డాక్టరువా? చెప్పిన పని చెయ్యి!"

"చెయ్యనమ్మా."

గొడవ విని ఓనరమ్మ వచ్చింది. "పెడతావా, పోతావా?"

కొత్తావిడ దువ్వెన బల్లమీద పెట్టేసింది. "ఈ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు మేడమ్. అయినా పెట్టలేను."

"అయితే నడువు!"

ఆవిడ చీటీ మీద ఏదో గీకి రిసెప్షనిస్టు హ్యాండ్‌బ్యాగులో దోపింది. "ఈ డాక్టరు మంచాయన. ఒక్కసారి వెళ్లండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"పీడా విరగడైంది," అంది రిసెప్షనిస్టు, ఆవిడ గుమ్మం దాటకముందే.

పాయలన్నీ ఓనరమ్మే తగిలించింది. ఉద్యోగం వచ్చింది.

మూడో వారం, సవరం తీస్తుంటే క్లిప్పుకి నెత్తురంటింది. మర్నాడూ అంతే. రిసెప్షనిస్టు హ్యాండ్‌బ్యాగు మంచమ్మీద బోర్లించి ఆ చీటీ వెతుక్కుంది.

డాక్టరు మచ్చ తీసి పరీక్షకి పంపాడు. రిపోర్టు వచ్చేదాకా ఆమెకి తిండి లేదు, నిద్ర లేదు.

"క్యాన్సరే," అన్నాడు డాక్టరు. "కంగారు పడకండి. లోపలికి పాకలేదు, మొత్తం తీసేశాను. ఇంకో ఆరు నెలలైతే నా చేతుల్లో ఉండేది కాదు. ఇంతకీ ఎవరు పంపారు?"

"పార్లర్లో సవరాలు పెట్టే ఆవిడండీ. పేరు కూడా అడగలేదు నేను."

"ఓహో, ఆవిడా! ఆవిడ పంపితే వచ్చినవాళ్లలో మీరు నాలుగోవారు."

రిసెప్షనిస్టు అట్నుంచటే పార్లరుకి పరుగుతీసింది. ఓనరమ్మ కాళ్లావేళ్లా పడైనా సరే, ఆవిడకి మళ్లీ ఆ పని ఇప్పించాలి.

"ఆవిడా? ఎటుపోయిందో ఎవరికి తెలుసమ్మా!" ఓనరమ్మ మూతి విరిచింది. "వాకబు చేస్తే తర్వాత తెలిసింది, మా దగ్గరికి రాకముందు కూడా మూడు పార్లర్లలో ఇలాగే సవరం పెట్టనని మొండికేసి పని పోగొట్టుకుందట."