రెండు బొడిపెల బిట్టు

అల్లుడు గోపాల్ పని చేసే చోటికి వచ్చి, కర్ర అంచులు చెక్కే అతని రౌటర్ మిషన్ బిట్లన్నీ పోశయ్య డబ్బాలోంచి నేల మీద కుమ్మరించాడు. ముక్కు నుంచి నెత్తురు కారుతున్న అల్లుడి వైపు చూడకుండా, ఒక్కో బిట్టూ ఏరి వేలితో తడమసాగాడు. అప్పటికి కొట్టింది ఒక్క దెబ్బే. అసలు పని బిట్టు దొరికాక.

పోశయ్య కూతురు కావ్య వర్ధన్నపేటలోని పుట్టింటికి వచ్చి నాలుగు రోజులైంది. ఈ పొద్దున తల్లి రాజక్క నూనె రాస్తుంటే వీపు మీద కనబడ్డాయి రెండు ఎర్రటి గీతలు. తాడు పట్టినంత సూటిగా ఉన్నాయి, మధ్యలో చిటికెన వేలంత సందు. తలుపు తగిలిందంది కావ్య. నలభై ఏళ్లు తలుపులు చేసిన మనిషితోనా ఆ మాట! తలుపు అంచులకు కొట్టే గట్ల కర్ర, బీడింగ్ పట్టీతో ఎవరో బాదారని పోశయ్యకు చూడగానే తెలిసిపోయింది.

"ఇంకెవలు బాపూ, దాని మొగుడే. ఊకుంటే రేపు పీనుగను పంపుతడు," అన్నాడు కొడుకు శ్యాంసుందర్. మడికొండలో కొత్త ఇళ్ల పని తనకు రాకుండా గోపాల్‌కు పోయిందని అతనికి ముందే కడుపుమంట. తన రౌటర్ మిషన్ పక్కనున్న టేకు పట్టీ ఒకటి తండ్రి చేతిలో పెట్టాడు. ఆ పట్టీ చూడగానే కావ్య తల్లి వెనక్కి జరిగింది.

ఇప్పుడు అల్లుడి ముందు కూర్చుని, గుండ్రటి బిట్టు పక్కన పడేశాడు పోశయ్య. వంపు బిట్టూ పడేశాడు. చివరికి రెండు బొడిపెల బిట్టు దొరికింది. బొడిపెల మధ్య చిటికెన వేలు సరిగ్గా పట్టింది.

"నా బిడ్డ వీపు మీద రెండు గీతలు తేలినయి. దీని అచ్చే గదరా."

పట్టీ లేచింది. భుజం, వీపు, మళ్లీ వీపు. అడ్డం పెట్టిన ముంజేతిలో ఎముక పటుక్కుమంది. గోపాల్ కూలబడ్డాడు. రంపపు పొట్టు ఎర్రగా తడిసింది. పని నేర్పిన గురువు, పైగా పిల్లనిచ్చిన మామ. గోపాల్ తిరిగి చెయ్యెత్తలేదు. అడ్డం వచ్చిన తోటి వడ్రంగుల మీదికీ పోశయ్య పట్టీ ఎత్తాడు. ఆయాసం వచ్చి ఆగాడు తప్ప జాలి పుట్టి కాదు.

పడి ఉన్న చోటు నుంచే గోపాల్ మెల్లగా అన్నాడు. "మామా, బిట్టుకు కర్ర ఉల్టా అని మీరే నేర్పిండ్రు. బొడిపె కర్రల గాడి తీస్తది. గాడి ఒంటి మీద ఎట్ల తేల్తది?"

పోశయ్య చెయ్యి దిగింది. మొదటి రోజు ప్రతి శిష్యుడికీ తను చెప్పే పాఠమే అది. ఒంటి మీద రెండు గీతలు పడాలంటే కర్ర మీద రెండు గట్లుండాలి. అలాంటి కర్రకు రెండు గాడులున్న బిట్టు కావాలి. ఆ డబ్బాలో అది లేదు. కోపానికి కళ్లుండవంటారు, పోశయ్యకు చేతివేళ్లు కూడా లేకుండా పోయాయి. సిగ్గుతో చచ్చిపోతూ అల్లుణ్ని లేపడానికి వంగాడు.

చిరిగిన చొక్కా కింద గోపాల్ వీపు మీద, శ్యాంసుందర్ ఇచ్చిన పట్టీ పడ్డ చోటల్లా, మధ్యలో చిటికెన వేలంత సందుతో రెండేసి ఎర్రటి గీతలు తేలుతున్నాయి.